సూది ఒకటే, వరస మాత్రం పెద్దల నుంచి

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తి చేసి, తెల్లకోటు కుట్టించుకుని, ఆ కోటుతో ఫోటో కూడా దిగి, రేపో మాపో ఉద్యోగంలో చేరబోయే పిల్లలకి నాలుగు మాటలు రాయమన్నారు. రాస్తాను. ప్రమోషన్లు ఎలా తెచ్చుకోవాలో మాత్రం నన్ను అడగొద్దు. చేరిన రోజున ఏ స్టూలు మీద కూర్చున్నానో రిటైరైన రోజున అదే స్టూలు మీద నుంచి లేచాను. మధ్యలో ఒకసారి దానికి కాలు మార్చారు. నా సర్వీసులో నేను చూసిన అభివృద్ధి అదే.

మాది బాపులపాడు దగ్గర పల్లె. నాన్నగారు గుడిలో అర్చకులు. కన్నకూతురు ఊరందరి రక్తం, మూత్రం, కఫం సీసాల్లో పెట్టుకుని కూర్చునే ఉద్యోగానికి వెళ్తుందంటే ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజున, "సాయంత్రం రాగానే దొడ్డివైపు నుంచి వచ్చి, స్నానం చేసి లోపలికి రా" అన్నారు. అప్పుడు చాదస్తం అనుకున్నాను. ఆసుపత్రిలో కొన్నాళ్ళు పనిచేశాక అర్థమైంది. శుభ్రత గురించి నాకు పైవాళ్ళు ఇచ్చిన ఆదేశాలన్నిటిలోనూ పనికొచ్చేది నాన్నగారిదొక్కటే.

ఆసుపత్రి నూజివీడు చుట్టుపక్కలదే. పేరు చెప్పను. మనుషుల పేర్లు కూడా మార్చాను. మార్చనిది నా తప్పు ఒక్కటే, అది చివర్లో వస్తుంది. మధ్యలో మానేసే అలవాటున్నవాళ్ళు ముందే చివరికి వెళ్ళి చదువుకోవచ్చు.

మైకు కోసం ఒక జబ్బు

ఎనభైల నడిమి మాట. అప్పటి మా సూపరింటెండెంట్ గారిని ఇక్కడ పెద్దాయన అంటాను. కత్తి పట్టుకుంటే మంచి సర్జనే. కానీ ఆయనకి ఒక కోరిక ఉండేది. ఏదైనా కాన్ఫరెన్సులో మైకు ముందు నిలబడి ఒక పేపరు చదవాలి. దేని మీదన్నది తర్వాత సంగతి. ఇంతలో మెడికల్ కాలేజీలో ఉన్న ఆయన స్నేహితుడొకాయన హెపటైటిస్ బి టెస్టు కిట్లు కొన్ని ఐసు ఫ్లాస్కులో పెట్టి పంపారు. దాంతో దేని మీదన్నది కూడా తేలిపోయింది.

ఈ జబ్బు సంగతి మీరు పుస్తకంలో చదివే ఉంటారు, నేను మామూలు మాటల్లో చెప్తాను. కాలేయానికి పట్టే వైరస్ ఇది. కొందరికి పచ్చకామెర్లు వచ్చి తగ్గిపోతాయి. కొందరి ఒంట్లో అద్దె కట్టని కాపురంలా ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా ఉండి, లివరు గట్టిపడి కడుపులో నీరు పట్టాక గానీ బయటపడదు. రక్తం వల్ల వస్తుంది, సూదుల వల్ల వస్తుంది, కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది, ఆలుమగల మధ్య వస్తుంది. తిండి వల్ల, నీళ్ళ వల్ల రాదు. అలా వచ్చే కామెర్లు వేరే రకం. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. అప్పట్లో మా చుట్టుపక్కల దీన్ని గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ.

టెస్టు తేలికే. ఒక ప్లాస్టిక్ ప్లేటు, దాన్నిండా చిన్న చిన్న గుంటలు. సీరం వేసి, కిట్టులో వచ్చిన ఎర్రకణాల మందు కలిపి, కదపకుండా పెట్టాలి. కాసేపటికి ఎర్రకణాలు గుంట అడుగున చుక్కలా దిగితే జబ్బు లేదు. చాపలా పరుచుకుంటే ఉంది.

"ఏ ఏ జనంలో ఎంతమందికి ఉందో చూద్దాం అమ్మాయ్," అన్నారు పెద్దాయన. అని రిజిస్టర్లో తన చేత్తో గళ్ళు గీశారు. గర్భిణులు. ఆసుపత్రి సిబ్బంది. రక్తం అమ్ముకునేవాళ్ళు. తోట కూలీలు. చివర్లో, ఎర్రసిరాతో, మంచి కుటుంబాలవారు.

"మంచి కుటుంబాలంటే ఎవరండీ?" అని అడిగాను.

"ఆ మాత్రం తెలీదూ? మన ముసునూరు రామకోటయ్యగారి కుటుంబం లాంటివాళ్ళు. వాళ్ళకి ఉండదు. వాళ్ళ పక్కన పెట్టి చూపిస్తే కూలీల్లో ఎంత ఉందో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇది మురికి జబ్బమ్మా. ఎక్కడుందో నాకు తెలుసు. నువ్వు రక్తం తెచ్చి రుజువు చెయ్యి, చాలు."

పరిశోధన అంటే తెలియనిది తెలుసుకోవడమని నేను అప్పటిదాకా పొరపాటు పడుతూ ఉన్నాను.

మిగతా గళ్ళ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. అంకెలు అడగొద్దు. ఆ శాతాలు పుట్టిన పురిటిగదిలో నేనున్నాను కాబట్టి వాటి మీద నాకు భక్తి లేదు. గర్భిణుల్లో కొద్దిమందికి తేలింది. రక్తం అమ్ముకుని బతికేవాళ్ళలో బాగా ఎక్కువ. సిబ్బందిలో సిరంజీలు కడిగే ఆయాకి, పురుళ్ళ గదిలో చేసే నర్సుకి తేలింది. ఇంజెక్షన్లు రాసిన డాక్టర్లకి తేలలేదు, ఎందుకంటే వాళ్ళు రక్తం ఇవ్వలేదు. "నాకెందుకమ్మా, నేను రాసేవాణ్ణి కదా," అన్నారు పెద్దాయన. నా రక్తం నేనే చూసుకున్నాను. చుక్కలా దిగింది. నా జాగ్రత్త వల్ల అనుకుని మురిసిపోయాను. అదృష్టం అంటారని తర్వాత తెలిసింది.

ముఠా మీద పడ్డ కన్ను

ముసునూరు రామకోటయ్యగారికి చాలా ఎకరాల మామిడి తోట. బంగినపల్లి, రసాలు, కొంత కలెక్టరు కాయ. ఏటా కోతకి చాట్రాయి వైపు నుంచి ఒకే ముఠా వచ్చేది. మగాళ్ళు చిక్కాలతో కోసేవాళ్ళు. ఆడవాళ్ళు తొడిమ గిల్లి, సొన కార్చి, గ్రేడు చూసి, గడ్డి పరిచిన బుట్టల్లో సర్దేవాళ్ళు. ముఠాకి పెద్ద ముత్యాలమ్మ. కాయ చేతిలోకి తీసుకుంటే అది ఎన్ని రోజులకి పండుతుందో చెప్పేది. సొన తగిలి తగిలి ఆవిడ చేతుల మీద మచ్చలు పడ్డాయి. ఆవిడది మా అమ్మ వయసు. అయినా నేను ఆవిడని నువ్వనే పిలిచేదాన్ని, ఆవిడ నన్ను అండీ అనేది. ఇదీ ఒక జబ్బే, దీనికి మాత్రం కిట్టు రాలేదు.

ఆ ఏడు కోతకి ఇంకా మూడు వారాలుందనగా రామకోటయ్యగారి పెద్దకొడుక్కి పచ్చకామెర్లు వచ్చాయి. పసరు పోయించారు. తగ్గలేదు. మా ఆసుపత్రికి తెచ్చారు. పెద్దాయన రక్తం చూడమన్నారు, గుంటలో చాపలా పరుచుకుంది. హెపటైటిస్ బి.

ఇక రామకోటయ్యగారికి జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో క్షణంలో తెలిసిపోయింది. కిందటి ఏడు ముత్యాలమ్మ ముఠా తోట బావి దగ్గర నీళ్ళు తాగింది, వాళ్ళ చేతులు తగిలిన కాయ ఇంట్లోకి వచ్చింది, కొడుకు తిన్నాడు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఈయనకి కామెర్లు రాకుండానే కనిపించింది.

"కూలీల రక్తంలో ఉందని రిపోర్టు రానివ్వండి డాక్టరుగారూ," అన్నారు. "ఈ ఏడు నా గేటు దాటనివ్వను. చుట్టుపక్కల తోటలవాళ్ళకీ చెప్తాను."

అంటే ముఠా మొత్తానికి ఆ ఏడు కోత పోయినట్టే. వాళ్ళకి ఏడాదిలో చేతినిండా పని ఉండేది ఆ రెండు నెలలే. ఒక తోటలో వద్దన్న ముఠాని పక్క తోటలో రానివ్వరు. ముఠా గతి ఇప్పుడు నా ప్లాస్టిక్ ప్లేటు గుంటల్లో ఉంది.

చాట్రాయి వైపు వాళ్ళ పల్లెకి జీపు వేసుకుని వెళ్ళాను. ఒక్కొక్కరికీ విడిగా మరగబెట్టిన సూది, విడి సిరంజి తీసుకెళ్ళాను, ఎందుకంటే కిట్టుతో వచ్చిన పుస్తకంలో అలా చెయ్యమని ఉంది. స్పిరిట్ దూదితో తుడిస్తే ఈ వైరస్ చావదని కూడా అందులో ఉంది. చదివాను. తల ఊపాను. ఆ తల లోపలికి మాత్రం ఏమీ వెళ్ళలేదు.

సూదులు చూసి జనం వెనక్కి తగ్గారు. ముత్యాలమ్మ ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"ముందు నాకు తియ్యండి. నన్ను చూసి వాళ్ళొస్తారు." తీస్తుంటే అంది, "ఒక్క మాటండి అమ్మాయిగారూ. తేలిందేంటో ఆసామికే కాదు, మాకూ చెప్పాలి. రక్తం మాది కదండీ."

"ముందు మీకే చెప్తాను," అన్నాను. చెప్తాననే అనుకున్నాను.

మర్నాడు రామకోటయ్యగారింట్లో కూడా అందరి రక్తం తీశాను. పెద్దకోడలు సీతమ్మగారు మాత్రం వంటింట్లోంచి రావడానికి చాలాసేపు పట్టింది. సూదంటే ఆవిడకి చచ్చేంత భయం. కళ్ళు మూసుకుని, గోడకి ఆనుకుని ఇచ్చింది.

ప్లేటు తిరగబడింది

ముఠాలో ఒక్కరికి తప్ప అందరికీ చుక్కలా దిగింది. మంచి కుటుంబం గడిలో, రామకోటయ్యగారితో మొదలుపెట్టి, సగానికి పైగా గుంటల్లో చాప పరిచింది.

పెద్దాయన ప్లేటు చూశారు, నన్ను చూశారు, మళ్ళీ ప్లేటు చూశారు.

"సీసాలు తారుమారు చేశావు."

"లేదండీ. చీటీలు నేనే అంటించాను."

"మరి చీటీలు తారుమారు చేశావు. మళ్ళీ తీసుకురా."

మళ్ళీ తేవడానికి ఆదివారం పొద్దున్నే ముసునూరు వెళ్ళాను. అరుగు మీద పొడుగాటి బల్ల వేసి ఉంది. దాని మీద రామకోటయ్యగారు, ఆయన పక్కన తమ్ముడుగారు, తర్వాత చిన్నకొడుకు, అల్లుడు, చిన్నకోడలు, వయసు ప్రకారం, చొక్కా చేతులు పైకి మడిచి, కోవెల్లో తీర్థానికి కూర్చున్నట్టు కూర్చున్నారు. ఊరి ఆర్.ఎం.పి. సుబ్బారావు వాళ్ళ ముందు నిలబడ్డాడు. చేతిలో ఒక గాజు సిరంజి. ఒక్కటే. దానికి ఒక్కటే సూది. రామకోటయ్యగారికి పొడిచాడు, స్పిరిట్ దూదితో తుడిచాడు, తమ్ముడుగారికి పొడిచాడు, తుడిచాడు, అలా బల్ల చివరిదాకా వెళ్ళాడు. తిలా పాపం తలా పిడికెడు అని వినడమే గానీ కళ్ళారా చూడ్డం అదే మొదలు.

"బలం సూదండి మేడంగారూ," అన్నాడు సుబ్బారావు, నేను చూసేది మెచ్చుకోలు అనుకుని. "ఎండలు ముదిరేలోపు వారానికొకటి పడితే మనిషికి తోటలో తిరిగే ఓపికుంటుందండి. ఏళ్ళ తరబడి వేస్తున్నానండి ఈ ఇంట్లో."

"మరి కూలీలకి?"

"వాళ్ళకి సూదెందుకండి? ఎర్రబిళ్ళ చాలు."

నేను నా రిజిస్టర్ తీసి చూశాను. మొదట కూర్చున్న రామకోటయ్యగారికి ఉంది. ఆయన వెనక వరసలో చాలామందికి ఉంది. పెద్దకొడుకు మంచం పట్టక ముందు ఆ వరసలోనే కూర్చునేవాడు. లేనివాళ్ళలో ఒకరు సీతమ్మగారు. వంటింట్లోకి వెళ్ళి అడిగాను, ఎప్పుడైనా ఆ బల్ల మీద కూర్చున్నారా అని.

"లేదండి," అంది, నెమ్మదిగా. "సుబ్బారావు వచ్చాడంటే నేను దొడ్లోకి పోతాను. మామయ్యగారు తిడతారు, బలం లేనిదానివి అని."

ఆ ఇంట్లో బలం మిగిలింది ఆవిడకే.

ఇక్కడ పిల్లలకి ఒక మాట. జబ్బు ఎవరిలో ఎక్కువ అని అడిగితే ఎవరు శుభ్రంగా ఉంటారు, ఎవరు ఉండరు అని చూడకండి. ఎవరి ఒంట్లోకి ఎవరి సూది దిగింది అని చూడండి. ఆ పల్లెల్లో సూది మర్యాద. డాక్టరు సూది వెయ్యకపోతే వైద్యం చెయ్యనట్టే లెక్క. ఆ మర్యాద దక్కినవాళ్ళకి దాంతోపాటు ఇదీ దక్కింది. బిళ్ళతో సరిపెట్టబడ్డవాళ్ళు బతికిపోయారు.

ఆసామికి చెప్పడం

మళ్ళీ అందరి రక్తం తీసుకున్నాక, ఆ బల్ల మీదే, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు కదా అని, రామకోటయ్యగారికి అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. టెస్టుకి అప్పట్లో ఆస్ట్రేలియా యాంటిజెన్ అనే పేరుందని నేను నోరు జారేసరికి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

"అదేంటమ్మా, ఆస్ట్రేలియా జబ్బు ముసునూరులో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తుందా?"

"సూది వెంట వచ్చిందండీ. ఈ బల్ల మీద."

"ఈ బల్ల మీద మావాళ్ళు తప్ప ఇంకోడు కూర్చోలేదు. కూలీ అన్నవాడు దీన్ని ముట్టుకోలేదు. మరి ఎలా వస్తుంది?"

"అందుకేనండీ కూలీలకి లేదు."

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. తర్వాత తెలివైనవాళ్ళు వేసే ప్రశ్న వేశారు. "అయితే ముఠాలో ఒక్కరికి కూడా లేదా?"

"అది వాళ్ళకి చెప్పాలండీ. మీకు కాదు."

ఉందని చెప్పడానికి అంతకన్నా మంచి పద్ధతి లేదు. ఆయన ఆ సాయంత్రమే మా పెద్దాయన దగ్గరికి వెళ్ళారు. పెద్దాయన రిజిస్టర్ తెరిచి, ఎర్రసిరా గడి మీద చెయ్యి అడ్డం పెట్టి, కూలీల గడిలో ఉన్న ఒక్క పేరూ చదివి వినిపించారు.

ముత్యాలమ్మ.

ఒకే ఒక్క సూది

నేను ముత్యాలమ్మ దగ్గరికి వెళ్ళింది దాని తర్వాత మూడు రోజులకి. జీపు దొరకలేదు. పనుంది. సాకులు చాలా ఉన్నాయి, ఏరుకోండి. నిజం ఏంటంటే, ముందు మీకే చెప్తానన్న నేను ముందు ఆసామి ఇంటికి వెళ్ళి కాఫీ తాగుతూ చెప్పాను. పెద్దలతో మొదలుపెట్టడం నా ఒంట్లోనూ ఉంది.

అప్పటికే ఈ ఏడు ముసునూరు రావొద్దని ఆవిడకి కబురొచ్చేసింది. ఎందుకో కూడా ఊరంతా తెలిసింది. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఉంది. ముఠావాళ్ళు కొంచెం దూరంగా నిలబడ్డారు, ఆవిడకి దూరంగానో నాకు దూరంగానో తెలియలేదు.

"మీరు చెప్తారనుకున్నానండి," అంది. అంతే.

నాకు సిగ్గేసింది. కూర్చుని, తెలిసినదంతా చెప్పాను. ఆవిడ ఒక్కొక్కటీ అడిగింది.

"నా చేతి కాయ తింటే వస్తాదా అండి?"

"రాదు."

"నా చెంబుతో నీళ్ళు తాగితే?"

"రాదు."

"మరి నాకెలా వచ్చింది?"

"రక్తం ఎక్కించుకున్నావా ఎప్పుడైనా? ఇంజెక్షను చేయించుకున్నావా? సుబ్బారావు దగ్గర గానీ ఇంకెవరి దగ్గర గానీ?"

ఆవిడ ఆలోచించింది. "పురుళ్ళన్నీ ఇంట్లోనే. జొరమొస్తే కషాయం, లేదంటే బిళ్ళ. నా ఒంట్లో దిగిన సూది ఒక్కటేనండి, మొన్న మీరు రక్తం తీసింది కాకుండా." నా మొహంలోకి చూసింది. "ముందటేడు తోటలో జొరాల టెస్టుకి వచ్చారు కదండీ. వేలు గుచ్చారు. అదే."

నాకు గుర్తొచ్చింది.

ముందటేడు మలేరియా సర్వేకి నేను రామకోటయ్యగారి తోటకి వెళ్ళాను. వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి గాజు పలక మీద పామడం, అంతే పని. అందరికీ ఒకే సూది. మనిషికీ మనిషికీ మధ్య స్పిరిట్ దూది. మాకు నేర్పింది అదే, మేము చేసింది అదే. కుర్చీ వేయించి ముందు రామకోటయ్యగారికి గుచ్చాను. తర్వాత ఆయన ఇంట్లోవాళ్ళకి. తర్వాత ముఠా వంతు వచ్చింది. అందరూ భయపడుతుంటే ముత్యాలమ్మ ముందుకొచ్చింది. ముందు నన్ను గుచ్చండి, నన్ను చూసి వాళ్ళొస్తారు అంది. ఆసామి ఇంటి రక్తం అంటిన సూది ముందుగా దిగింది ఆవిడ వేలిలోనే. వెనకవాళ్ళు తప్పించుకోవడం వాళ్ళ అదృష్టం.

సుబ్బారావు బల్ల చూసి నేను ఎంత చక్కగా అసహ్యించుకున్నానో గుర్తుంది కదా. వాడిదీ నాదీ ఒకే పద్ధతి. వాడు చదువుకోలేదు, నాకు సర్టిఫికెట్ ఉంది. తేడా అదే.

ముత్యాలమ్మకి చిన్నప్పుడే వాళ్ళమ్మ నుంచి వచ్చి ఉండొచ్చు కదా అని తర్వాత ఒక డాక్టరమ్మ నన్ను ఓదార్చింది. ఉండొచ్చు. ఆ తల్లి ఎప్పుడో పోయింది, తేల్చేవాళ్ళు లేరు. ముత్యాలమ్మ పిల్లలందరి రక్తం చూశాను, ఎవరికీ లేదు. ఆ సాకు నాకు ఎప్పుడూ అందుబాటులోనే ఉంది. వాడుకోలేదు.

ఆవిడకి అప్పుడే చెప్పేశాను, నా సూది వల్లే వచ్చి ఉంటుందని. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆవిడ, "మీరు మాత్రం కావాలని గుచ్చారా అండి," అంది. ఆ మాట నన్ను క్షమించినట్టు నేను ఎప్పుడూ అనుకోలేదు. తర్వాత, "నా సంగతి వదిలెయ్యండి. ముఠాకి పని పోతే ఎలాగండి?" అంది.

కోత

మర్నాడే ముసునూరు వెళ్ళాను. ఈసారి నిలబడే చెప్పాను. కాయ మీద నుంచి జబ్బు రాదు, నీళ్ళ నుంచి రాదు, ముత్యాలమ్మకి వచ్చింది కూడా మీ రక్తం అంటిన నా సూది నుంచే అయ్యుండాలి అని. రామకోటయ్యగారు మండిపడ్డారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాల్సినవాళ్ళు సాధారణంగా అలాగే మండిపడతారు.

"రోగమున్న మనిషిని నా తోటలో అడుగు పెట్టనివ్వను. అంతే," అన్నారు.

అప్పుడు వంటింటి గుమ్మం దగ్గర నుంచి సీతమ్మగారు మాట్లాడింది.

"రోగమున్నవాళ్ళు తోటలోకి పోకూడదంటే, ముందు మీరు పోకూడదండి మామయ్యగారూ. తర్వాత చిన్నమామయ్యగారు. తర్వాత మరిది. ఇంక మిగిలింది నేను. నాకు చిక్కం పట్టడం రాదు." గుమ్మం దాటి ముందుకొచ్చింది. "ముఠాలో ఒక్కావిడకే ఉంది. మనింట్లో ఎంతమందికి ఉందో ఈవిడ చెప్పింది కదా. నిన్న సాయంత్రం గాలి లేచింది. కాయ రాలడం మొదలైంది. వాళ్ళని పిలిపించండి."

ఆవిడ ఆ ఇంట్లో అంత పొడుగు మాట అనడం అదే మొదటిసారి అని తర్వాత చెప్పింది. రామకోటయ్యగారు ఒప్పుకున్నారని నేను చెప్పను. ఆ రాత్రి మళ్ళీ గాలి లేచింది, అది ఒప్పించింది. మూడో రోజుకి ముఠా తోటలో ఉంది. ముత్యాలమ్మ గ్రేడు చూసిన కాయలే రైలెక్కాయి. తిన్నవాళ్ళెవరికీ ఏమీ కాలేదు.

సీతమ్మగారు ఇంకో పని చేసింది. ఆ తర్వాత ఆదివారం సుబ్బారావు వచ్చేసరికి అరుగు మీద బల్ల లేదు. దొడ్లో దాని మీద అప్పడాలు ఎండుతున్నాయి.

పెద్దాయన పేపరు కూడా బయటికొచ్చింది. రెండోసారి తీసిన రక్తమూ గుంటల్లో మొదటిసారిలాగే తేలింది. కూలీలనీ మంచి కుటుంబాలనీ వేరువేరుగా చూపిస్తే ఇబ్బంది కాబట్టి, రెండు గళ్ళూ కలిపి గ్రామీణ జనాభా అని ఒకే గడి చేశారు. రామకోటయ్యగారూ ముత్యాలమ్మా ఒకే వరసలో కూర్చున్నది బహుశా ఆ కాగితం మీదే. సూదుల గురించి అందులో ఒక్క ముక్క లేదు. చప్పట్లు బాగా కొట్టారట.

కొంగుముడి

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తర్వాత నేను మనిషికొక సూది లేకుండా ఎవరి వేలూ ముట్టుకోలేదు. సూదులు చాలవని పైకి రాస్తే, పాత పద్ధతే కొనసాగించవలెను అని జవాబొచ్చింది. ఇంట్లో టిఫిను డబ్బాలో సూదులు మరగబెట్టుకుని తీసుకెళ్ళేదాన్ని. నాన్నగారు చూశారు. ఒకరోజు పొయ్యి మీద నీళ్ళు ఆయనే పెట్టారు.

మీకిప్పుడు ఒకసారి వాడి పారేసే సూదులున్నాయి, టీకా ఉంది, చేతికి తొడుగులున్నాయి. మా తప్పు మీరు చెయ్యలేరు, సంతోషం. మీ తప్పు వేరే ఉంటుంది. అందరూ చేస్తున్నారు కాబట్టి తప్పులా కనిపించదు. దాన్ని మీకు చూపించేది మీ పెద్దాయన కాదు. మీరు నువ్వు అని పిలిచే మనిషి చూపిస్తుంది.

ముత్యాలమ్మ లివరు ఎలా ఉందో చూడ్డానికి ఏడాదికోసారి, కోతలైపోయాక, ఆసుపత్రికి రమ్మన్నాను. వస్తుందనుకోలేదు. వచ్చింది. కాయలు తెచ్చింది, రసాలు, గడ్డిలో చుట్టి. నేను స్టూలు మీద నుంచి లేచి, "రండి, కూర్చోండి" అన్నాను. మా ల్యాబులో ఆ మాట వినపడగానే పక్క టేబుల్ ఆవిడ తలెత్తి చూసింది.

మరగబెట్టిన సూదులున్న డబ్బా తెరిచి ఆవిడ ముందు పెట్టాను, చూసుకోమని. ముత్యాలమ్మ డబ్బాలోకి చూసింది. తర్వాత కొంగుముడి విప్పింది. అందులో చిన్న రేకు డబ్బా, దానిలో తెల్ల గుడ్డ, ఆ గుడ్డలో ఒక సూది. నూజివీడులో మందుల షాపులో కొందట.

"పొద్దున్నే మరగబెట్టుకొచ్చానండి," అంది, చెయ్యి చాపుతూ. "మీ మీద నమ్మకం లేక కాదు."

లేకనే. నా సర్వీసు మొత్తంలో నాకు దొరికిన సరైన కాండక్ట్ సర్టిఫికెట్ అదొక్కటే. ఆ సూదితోనే రక్తం తీశాను.